వత్తుల కోసం తీసిన తాళం: రూట్ ఫోన్ల వెనక కథ

కిందటి నెల ఒక ఆదివారం పొద్దున మా బామ్మర్ది ఫోన్ పట్టుకుని ఇంటికి వచ్చాడు. హన్మకొండ చౌరస్తా వైపు ఒక దుకాణంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోన్ అది. ఆరు నెలలు బాగానే నడిచింది. పది రోజుల నుంచి పేమెంట్ యాప్ తెరవగానే ఈ ఫోన్ సురక్షితం కాదని చెప్పి మూసుకుపోతోందట. బ్యాంకు యాప్‌దీ అదే వరస. పాల ప్యాకెట్‌కు కూడా చిల్లర వెతుక్కోవాల్సి వస్తోందని గోల.

ఒకసారి ఆపి ఆన్ చేయమన్నాను. కంపెనీ పేరు పడకముందే నల్లటి తెర మీద నారింజ రంగు గుర్తు వచ్చింది, దాని కింద ఇంగ్లిష్‌లో నాలుగు ముక్కలు. బూట్‌లోడర్ (ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే ప్రోగ్రామ్) తాళం తీసి ఉంది, ఈ ఫోన్‌ను నమ్మలేం అని వాటి సారాంశం. ఐదు సెకన్లు ఉండి పోయింది.

"గిది రోజూ వస్తది బావా. నేను యాడ్ అనుకున్న."

"ఫోన్ రూట్ చేసినవా?"

"రూటా? గదేంది?"

వాడు అబద్ధం చెప్పడం లేదు. యాప్‌ల వరసలో చూస్తే సెట్టింగ్స్ రెండు కనిపించాయి. ఒకటి అసలుది. రెండోది నొక్కితే తెరుచుకున్నది మ్యాజిస్క్, అంటే ఫోన్‌ను రూట్ చేసే సాధనం. దానికి పేరు మార్చి దాక్కునే సౌకర్యం ఉంది, దాక్కున్నప్పుడు పెట్టుకునే మామూలు పేరు సెట్టింగ్సే. వీడికి ముందు ఆ ఫోన్ వాడినవాళ్లో, అమ్మినవాళ్లో ఆ పని చేసి, చెప్పకుండా చేతిలో పెట్టారు.

ఈ కథ ఇక్కడిదాకా ఎట్లా వచ్చిందో చెప్పాలంటే ముందు రూట్ అంటే ఏమిటో చెప్పాలి. ఆండ్రాయిడ్ లోపల ఉన్నది లినక్స్ అనే మూల సాఫ్ట్‌వేర్. ఫోన్‌లో వేసే ప్రతి యాప్‌కూ అది ఒక నంబర్ ఇస్తుంది, ఆ నంబర్లు పదివేల నుంచి మొదలవుతాయి. పదివేల అయిదో నంబర్ యాప్ పదివేల ఆరో నంబర్ యాప్ దస్త్రాలు తెరవలేదు. గోడకు గోడ ఆనుకుని ఉన్నా ఎవరి గది తాళం వాళ్లదే. ఒక్క నంబర్‌కు మాత్రం ఏ గదీ అడ్డం కాదు. అది సున్నా, అదే రూట్. కంపెనీలు దాన్ని కొన్నవాడికి ఇవ్వవు. ఇవ్వనిదాన్ని తీసుకోవడమే రూట్ చేయడం.

మొదట్లో అది దొంగతనంలా కూడా లేదు. మొదటి ఆండ్రాయిడ్ ఫోన్ జీ1 అమెరికాలో 2008 అక్టోబర్‌లో అమ్మకానికి వచ్చింది. నెల తిరగకముందే ఒక విచిత్రం బయటపడింది. ఎవరో చాట్ చేస్తూ "రీబూట్" అని టైప్ చేసి ఎంటర్ నొక్కితే ఫోన్ నిజంగానే రీబూట్ అయింది. కీబోర్డు మీద కొట్టే ప్రతి మాటా తెర వెనక రూట్ హోదాతో నడుస్తున్న ఒక షెల్‌కు, అంటే టైప్ చేసిన ఆదేశాలను నడిపే ప్రోగ్రామ్‌కు కూడా చేరుతోంది. తయారీలో తెరిచిన కిటికీ మూయడం మరిచిపోయారు. అప్‌డేట్‌తో వెంటనే మూశారు గానీ, అప్పటికే జనం ఆ కిటికీలోంచి లోపలికి దూరారు. ఆ ఉత్సాహంలోంచే 2009లో స్టీవ్ కొండిక్ సయనోజెన్‌మాడ్ అనే కస్టమ్ రోమ్, అంటే కంపెనీది తీసేసి వేసుకునే ఆండ్రాయిడ్, మొదలుపెట్టాడు. అదే ఇప్పటి లీనియేజ్ ఓఎస్‌కు తల్లి.

మన దగ్గర కారణాలు వేరు. అమెరికా కుర్రాళ్లది సరదా, మనది అవసరం. 2011లో వచ్చిన గెలాక్సీ వై ఎంతమంది చేతుల్లో ఉండేదో గుర్తుందా? అందులో యాప్‌లకు దొరికే జాగా రెండొందల ఎంబీ కూడా లేదు. ఐదారు యాప్‌లు వేస్తే నిండిపోయేది. రూట్ చేసి, మెమరీ కార్డును రెండు ముక్కలు చేసి, లింక్2ఎస్‌డీతో యాప్‌లను అటు తోలితే గానీ ఊపిరి ఆడేది కాదు. మా హాస్టల్లో ఒక గది ఉండేది, సాయంత్రమైతే అక్కడ ఫోన్లకు ఫ్లాష్ కొట్టే, అంటే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కించే క్యూ. ప్రతిఫలం ఒక టీ, ఒక సమోసా. మధ్యలో కరెంటు పోయి ఎవరి ఫోనైనా ఇక లేవకుండా ఇటుకైపోతే వారం రోజులు ఆ గదికి తాళం.

రెండో కారణం తెలుగు. అప్పటి చవక ఫోన్లలో తెలుగు పేజీ తెరిస్తే వరసగా డబ్బాలు కనిపించేవి. ఓపెరా మినీలో ఒక కిటుకు ఉండేది. అడ్రస్ పట్టీలో ఓపెరా:కాన్ఫిగ్ అని కొట్టి, సంక్లిష్ట లిపులకు బిట్‌మ్యాప్ ఫాంట్ వాడమని ఎంచుకుంటే అక్షరాలు బొమ్మలుగా వచ్చేవి. అంటే పేజీ ముందు వాళ్ల సర్వర్‌కు చేరి, అక్కడ బొమ్మగా మారి, తర్వాత మన దగ్గరికి. మనం ఏం చదువుతున్నామో మధ్యలో ఒకరు చూడగలరన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు, నాకైతే అసలే రాలేదు. తెలుగు కనపడితే చాలు.

మిగతా యాప్‌లలో కనపడాలంటే రూటే దిక్కు. సిస్టమ్ ఫాంట్ల ఫోల్డర్లోకి వెళ్లి, ఉన్న ఫాంట్ తీసేసి, తెలుగు అక్షరాలున్నది అదే పేరుతో పెట్టాలి. అప్పుడు కూడా సగమే గెలుపు. అక్షరాలను కూర్చే పనితనం ఆండ్రాయిడ్‌లో లేదు కాబట్టి వత్తులు కిందికి దిగేవి కావు. వరంగల్ దాదాపు సరిగ్గానే వచ్చేది, హన్మకొండ మాత్రం "హన్‌మకొండ" అని విడివిడిగా నిలబడేది. 2012లో వచ్చిన 4.1 వెర్షన్‌తో గూగుల్ తెలుగు, కన్నడ, మలయాళాలను చేర్చింది. కానీ చాలా చవక ఫోన్లకు ఆ అప్‌డేట్ రానే రాలేదు. కాబట్టి మన రూట్ కథ గోప్యత కోసమో హ్యాకింగ్ కోసమో మొదలవలేదు, ఒక న కింది మ-వత్తు కోసం, ఒక వంద ఎంబీ కోసం మొదలైంది. తాళం తీశాక మళ్లీ వేయాలని మాకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే వయసు కాదు.

గోప్యత సంగతి 2013లో గట్టిగా వచ్చింది. అప్పట్లో యాప్ వేసేటప్పుడు అది అడిగినవన్నీ ఇవ్వాలి, లేదంటే యాప్ వద్దనుకోవాలి. మధ్యేమార్గం లేదు. టార్చిలైట్ యాప్‌కు మనం ఎక్కడున్నామో ఎందుకు? ఒక పేరున్న టార్చి యాప్ జనం లొకేషన్‌ను ప్రకటనల కంపెనీలకు ఇస్తోందని ఆ ఏడాది డిసెంబర్‌లో అమెరికా వ్యాపార నియంత్రణ సంస్థ ఎఫ్‌టీసీ పట్టుకుంది. అదే డిసెంబర్‌లో గూగుల్ ఇంకో పని చేసింది. 4.3లో యాప్ ఆప్స్ అని దాచిపెట్టిన ఒక తెర ఉండేది, అందులో ఏ యాప్‌కు ఏది ఇవ్వాలో విడిగా కట్ చేసుకోవచ్చు. 4.4.2 అప్‌డేట్‌లో దాన్ని తీసేశారు. పొరపాటున బయటికి వచ్చిందన్నారు.

అప్పుడు రూట్ చేసుకోవడం తిరుగుబాటు అనిపించింది. ఎక్స్‌ప్రైవసీ అనే సాధనం యాప్‌కు అనుమతి నిరాకరించదు, అబద్ధం చెబుతుంది. కాంటాక్టులు అడిగితే ఖాళీ జాబితా ఇస్తుంది, లొకేషన్ అడిగితే ఎక్కడో సముద్రం చూపిస్తుంది. ఏఎఫ్‌వాల్ మనం వద్దన్న యాప్‌ను నెట్‌లోకి వెళ్లకుండా ఆపుతుంది. యాడ్‌అవే ప్రకటనల సర్వర్ల పేర్లను ఫోన్‌లో సైట్ల చిరునామాలు రాసుండే హోస్ట్స్ ఫైల్లోనే చంపేస్తుంది. ఇవన్నీ నేను వాడాను, ఇప్పటికీ ఆ పనితనం మీద నాకు గౌరవం ఉంది. కానీ చిక్కు అక్కడే ఉంది. యాప్‌లు తొంగి చూస్తున్నాయని వాటిని ఆపడానికి, గదుల మధ్య గోడలన్నిటికీ అధికారి అయిన సున్నాను నిద్రలేపి కూర్చోబెట్టాం. ఆ సున్నా మన మాటే వింటుందన్న హామీ ఏది?

హామీ లేదని తొందరగానే తెలిసింది. 2014 జూన్‌లో జార్జ్ హాట్జ్ టవల్‌రూట్ విడుదల చేశాడు. ఆండ్రాయిడ్ గుండెకాయ లాంటి కెర్నల్‌లోని ఒక లోపాన్ని పట్టుకుని, ఒక్క బటన్‌తో వందల రకాల ఫోన్లను రూట్ చేసింది. ఆ వెనకే కింగ్‌రూట్ లాంటివి వచ్చాయి. సోర్స్ కోడ్ బయటపెట్టని యాప్ అది. మన ఫోన్ వివరాలు తన సర్వర్‌కు చెప్పి, ఏ కన్నం సరిపోతుందో అక్కడి నుంచి తెచ్చుకునేది. ఇంటి తాళం పోయిందని ముక్కూ మొహం తెలియనివాణ్ని పిలిచి, తాళంచెవి చేయించి, వాడి దగ్గర ఇంకొకటి ఉందో లేదో అడగకుండా పంపించినట్టు. నేను కూడా దాన్ని వాడాను, నాలుగైదు ఫోన్లకు. తప్పు ఒప్పుకోవాలి.

అయినా, మనం ఒక్క బటన్‌తో చేసుకున్నది వైరస్‌కు చేతకాదా? 2016లో చెక్‌పాయింట్ సంస్థ హమ్మింగ్‌బ్యాడ్ గురించి చెప్పింది. కోటి ఫోన్లలో ఉందని, అందులో చైనా తర్వాత ఎక్కువ మన దేశానివేనని, 13 లక్షలు దాటాయని. అది తనంతట తానే ఫోన్‌ను రూట్ చేసి, ప్రకటనలు నొక్కి, అడగకుండా యాప్‌లు వేసేది. ఆ ఏడాది నవంబర్‌లో గూలిగన్ బయటపడింది, పది లక్షలకు పైగా గూగుల్ ఖాతాల టోకెన్లు, అంటే పాస్‌వర్డ్ అడగకుండా లోపలికి పంపే చీటీలు, ఎత్తుకెళ్లింది. రూట్ అయ్యాక వాట్సాప్ గదిలోకి వెళ్లడానికి దాని ఎన్‌క్రిప్షన్ విరగ్గొట్టనక్కర్లేదు. మెసేజ్‌లు విప్పి ఉంచిన డేటాబేస్ ఫోన్‌లోనే ఉంటుంది, దాన్ని చదివితే చాలు. ఎస్సెమ్మెస్ ఓటీపీలూ అంతే.

కోటతో పోల్చకుండా ఓరుగల్లువాడు ఏ వ్యాసమూ రాయలేడు కాబట్టి నేనూ పోలుస్తాను. బయట మట్టికోట, దాని లోపల కందకం, ఆ లోపల రాతికోట. ఆండ్రాయిడ్ కూడా ఆ ఏళ్లలోనే ఒక్కో వరస కట్టుకుంటూ వచ్చింది. 5.0 నాటికి ఎవరు ఏది ముట్టుకోవచ్చో నిర్ణయించే ఎస్‌ఈలినక్స్ పూర్తిగా అమలైంది. దానితో సున్నా కూడా అన్నిచోట్లకూ వెళ్లలేదు. 7.0తో వచ్చిన ఫోన్లు, బూట్‌లోడర్ తాళం ఉన్నంతసేపు, కంపెనీ సంతకం లేని సిస్టమ్‌ను బూట్ కానివ్వవు. రూట్ చేయాలంటే ఇప్పుడు మట్టికోట ద్వారమే తెరవాలి, అదే బూట్‌లోడర్ అన్‌లాక్. తెరిచినందుకు ఫోన్‌లో ఉన్నదంతా చెరిగిపోతుంది, ప్రతి బూట్‌కూ ఆ నారింజ రంగు దండోరా వేస్తుంది. మా బామ్మర్ది యాడ్ అనుకున్నది దాన్నే.

2016లోనే, ఇంకోవైపు, ఏప్రిల్‌లో యూపీఐ వచ్చింది, నవంబర్ 8న నోట్ల రద్దు, డిసెంబర్ 30న భీమ్ యాప్. అప్పటిదాకా రూట్ ఫోన్‌లో పోయేది ఫొటోలు, మెసేజ్‌లు. ఇప్పుడు జీతం పోతుంది. ఫోన్‌ను ఎవరైనా మార్చారా అని చూసే గూగుల్ సేఫ్టీనెట్ పరీక్షను బ్యాంకులు అడగడం మొదలుపెట్టాయి. రూట్ ఉంటే యాప్ తెరుచుకోదు. అదే ఏడాది జాన్ వూ అనే తైవాన్ విద్యార్థి మ్యాజిస్క్ తెచ్చాడు. సిస్టమ్‌ను ముట్టుకోకుండా ఫోన్ లేచేటప్పుడు ముందు చదివే బూట్ ఇమేజ్‌నే మార్చి, రూట్ ఉన్నట్టు బ్యాంకు యాప్‌కు కనపడకుండా దాచేది. పిల్లీ ఎలుకా ఆట అక్కడి నుంచి ఆగలేదు. 2021లో జాన్ వూ గూగుల్‌లోనే ఉద్యోగంలో చేరి, మ్యాజిస్క్‌లోంచి ఆ దాచే భాగం తీసేశాడు. దాచే పని వేరేవాళ్లు రాసిన అదనపు ముక్కలు, అంటే మాడ్యూళ్లు, అందుకున్నాయి. సేఫ్టీనెట్ పోయి ప్లే ఇంటెగ్రిటీ అనే కొత్త పరీక్ష వచ్చింది, చిప్‌నే సాక్ష్యం అడగడం మొదలైంది. పరీక్ష గట్టిపడ్డ ప్రతిసారీ కొన్ని ఫోన్లలో యాప్‌లు ఉన్నట్టుండి ఆగిపోతాయి. మా ఇంటికొచ్చిన ఫోన్ జబ్బు అదే.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. 2020 చివర్లో తెలంగాణలో లోన్ యాప్‌ల వేధింపులకు ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఆ యాప్‌లకు ఏ రూటూ అక్కర్లేకపోయింది. కాంటాక్టులు, ఫొటోలు చూడనివ్వాలా అంటే మనవాళ్లు అలౌ నొక్కారు, అంతే. అప్పులిచ్చే యాప్‌లు ఆ రెండూ అడగకూడదని గూగుల్ నిబంధన పెట్టేసరికి 2023 అయింది. గోప్యతను కాపాడే పనిలో గూగుల్ ఎప్పుడూ ముందుందని అనుకోవడానికి లేదు.

అయితే రూట్ కోసం అప్పుడున్న కారణాల్లో చాలావరకు ఇప్పుడు మామూలు ఫోన్‌లోనే తీరతాయి. అనుమతులు విడివిడిగా ఇవ్వడం 6.0తో వచ్చింది. ఏ సైట్లు వెతుకుతున్నామో దారిలో కనపడకుండా చేసే ప్రైవేట్ డీఎన్‌ఎస్ 9తో, ఈ ఒక్కసారికి మాత్రమే అనే అనుమతి 11తో, కెమెరా, మైకు వాడుతుంటే వెలిగే పచ్చ చుక్క 12తో. ఎక్స్‌ప్రైవసీ రాసినాయనే రూట్ అక్కర్లేని ఫైర్‌వాల్ నెట్‌గార్డ్ కూడా రాశాడు. తెలుగు వత్తుల సంగతి చెప్పనే అక్కర్లేదు. నా దగ్గర ఒక రూట్ ఫోన్ ఇప్పటికీ ఉంది, ప్రయోగాలకు. అందులో సిమ్ లేదు, బ్యాంకు లేదు. మ్యాజిస్క్‌ను దాని అసలు గిట్‌హబ్ పేజీ నుంచే తెచ్చుకుంటాను, ఎందుకంటే దాని పేరుతో నకిలీ సైట్లు బోలెడు. రూట్ అడిగే ప్రతి యాప్‌కూ ముందు వద్దనే చెబుతాను, పని అయ్యాక కంప్యూటర్ నుంచి ఫోన్‌కు ఆదేశాలివ్వనిచ్చే యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆపేస్తాను.

నాకు భయం తెలిసి చేసుకునేవాళ్ల గురించి కాదు, తెలియకుండా కొనుక్కునేవాళ్ల గురించి. గూగుల్ ఖాతా లాక్ తీయడానికో, ఆగిపోయిన ఫోన్ లేపడానికో ఎక్కడో ఎవరో సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తారు, తాళం తెరిచే వదిలేస్తారు. పాత ఫోన్ కొనేటప్పుడు ఎదురుగా ఆపి ఆన్ చేయించండి. *#06# కొట్టి వచ్చిన ఐఎంఈఐ నంబర్‌ను డబ్బా మీదిదానితో పోల్చండి, కేవైఎం అని ఇంగ్లిష్‌లో కొట్టి ఆ నంబర్‌ను 14422కు ఎస్సెమ్మెస్ చేయండి. రీసెట్ కొట్టాం కదా అంటే నమ్మొద్దు, బూట్ విభాగంలో చేసిన మార్పు రీసెట్‌తో పోదు.

మళ్లీ మా బామ్మర్ది దగ్గరికి. దాక్కున్న మ్యాజిస్క్‌లో రూట్ అనుమతి పొందిన యాప్‌ల జాబితా తెరిచాను. రెండు పేర్లున్నాయి. ఒకటి ఫైల్ మేనేజర్. రెండోదానికి బొమ్మ లేదు, "అప్‌డేట్ సర్వీస్" అని మాత్రం ఉంది, అనుమతి శాశ్వతం. అట్లాంటి యాప్ తాను వేయలేదని వాడు అమ్మతోడు పెట్టాడు.

ఫొటోలు లాప్‌టాప్‌లోకి దించుకున్నాం. కంపెనీ అసలు సాఫ్ట్‌వేర్ ఎక్కించి, అది సరిగ్గా బూట్ అయిందని చూసుకుని, ఆ తర్వాతే బూట్‌లోడర్‌కు తాళం వేశాను. మార్చిన సిస్టమ్ ఉండగా తాళం వేస్తే ఫోన్ అక్కడికక్కడే ఇటుకవుతుంది. మధ్యాహ్నం మూడింటికి నారింజ రంగు పోయింది. పేమెంట్ యాప్ తెరుచుకుంది.

"ఈ ఆరు నెల్లు లోపల ఎవరన్న చూసిండ్రా బావా?"

చెప్పలేనన్నాను. నా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టి గూగుల్ పాస్‌వర్డ్ మార్పించాను, తర్వాత బ్యాంకుది, తర్వాత శుభ్రం చేసిన ఫోన్‌లో యూపీఐ పిన్. పిన్ ఏం పెట్టాలని నన్నడిగాడు. చెప్పొద్దురా నాయనా అని అటు తిరిగి కూర్చున్నాను.