మైనస్ 20 రోజున మైనస్ 33 ఎక్కడిది?

చలి ముదిరేసరికి కెనడాలో పాత గొడవ మళ్లీ రాజుకుంది. థర్మామీటర్ మైనస్ 20 చూపిస్తుంటే ఫోన్‌లో మైనస్ 33 కనిపిస్తుంది. గాలి వల్ల చర్మానికి ఎంత చలి తగులుతుందో చెప్పే ఈ అంకెనే విండ్ చిల్ అంటారు. విన్నిపెగ్‌లో చదువుకుంటున్న మన పిల్లలు ఆ రెండో అంకెనే స్క్రీన్‌షాట్ తీసి పంపుతారు, ఇక్కడ అమ్మానాన్నలకు టెన్షన్. వాతావరణ శాఖ ఉన్నదానికి రెండింతలు చెప్పి భయపెడుతోందని అక్కడివాళ్లే కొందరు అంటారు.

అంటార్కిటికాలో సిపుల్, పాసెల్ అనే అమెరికన్లు నీళ్లు నింపిన ప్లాస్టిక్ గొట్టాన్ని గాలికి వేలాడదీసి, అవి ఎంతసేపట్లో గడ్డకడతాయో చూసిన కథ పాతదే. దాన్నుంచి పుట్టి 1945లో అచ్చయిన విండ్ చిల్ లెక్క దశాబ్దాలు నడిచింది. అసలు మలుపు 2001లో వచ్చింది.

అంతకుముందు కెనడాలో విండ్ చిల్‌ను వాట్లలో కూడా చెప్పేవాళ్లు. అంటే చదరపు మీటరు చర్మం నుంచి పోయే వేడి. మైనస్ 20లో గంటకు 30 కిలోమీటర్ల గాలి వీస్తే దాదాపు 1,900 వాట్లు. జనానికి ఒక పట్టాన అర్థమయ్యేది కాదు, నిజమే. కానీ దాన్ని ఉష్ణోగ్రత అని ఎవరూ పొరబడరు.

2001లో టొరంటోలోని రక్షణ పరిశోధన కేంద్రంలో ఆరుగురు మగవాళ్లను, ఆరుగురు ఆడవాళ్లను ముఖానికి సెన్సర్లు అంటించి, చల్లటి గాలి సొరంగంలో ట్రెడ్‌మిల్ మీద నడిపించారు. చర్మం ఎప్పుడూ 33 డిగ్రీలే ఉంటుందని పాత సూత్రం అనుకుంది. నిజానికి గాలి తగిలేకొద్దీ చర్మమూ చల్లబడుతుంది, దాంతో వేడి పోయే వేగం తగ్గుతుంది. పైగా గాలిని కొలిచేది 10 మీటర్ల ఎత్తున, మన ముఖం ఉండేది చాలా కింద. ఇవన్నీ సరిచేస్తే, పాత లెక్కలో మైనస్ 41 వచ్చేచోట మైనస్ 33 వచ్చింది. భయపెడుతున్నారనేవాళ్లు ఈ ముక్క ఎత్తరు.

అయితే అదే ఏడాది వాట్లను పక్కనపెట్టి, ఉష్ణోగ్రతలా కనిపించే అంకెనే దేశమంతటికీ ఖాయం చేశారు. ఇది ఉష్ణోగ్రత కాదని గుర్తుచేయడానికి వాతావరణ శాఖ డిగ్రీ గుర్తు లేకుండానే రాస్తుంది. ఫోన్ యాప్‌లు ఆ గుర్తు తెచ్చి తగిలిస్తాయి. చిక్కంతా అక్కడే.

బయట పెట్టిన కారు ఎంత గాలి వీచినా మైనస్ 20 దాటి చల్లబడదు, కాకపోతే అక్కడికి తొందరగా చేరుతుంది. ఆ మైనస్ 33 చర్మం కోసం కట్టిన లెక్క. టోపీ లేకుండా బస్టాపులో నిలబడితే 10 నుంచి 30 నిమిషాల్లో చెవులు గడ్డకట్టే ప్రమాదం ఉందని దాని అర్థం.