ఊలు స్వెటరంటే ఊలేనా? అల్లేవాళ్లు, వడికేవాళ్లు వినే అపోహలు - వాస్తవాలు

దీపావళి దాటి ఇగం మొదలైందంటే మహారాష్ట్రలోని మా కిన్వట్‌లో ఇంటింటా ట్రంకు పెట్టెలు తెరుచుకుంటాయి, దాంతోపాటు నాకు సలహాలు కూడా మొదలవుతాయి. నేను ఊలు అల్లుతాను, పత్తి వడుకుతాను, అడిగినవాళ్లకు నేర్పుతాను. ఇంట్లో తెలుగు, బజార్లో మరాఠీ, అల్లికలో మాత్రం హిందీ నుంచి వచ్చిన "సీదా, ఉల్టా". పొద్దున ఎండలో మంచం వేసుకుని సూదులు తీశానంటే చాలు, పక్కింటి వహినీ నుంచి పాలు పోసే ఆయన దాకా ప్రతి ఒక్కరికీ ఊలు గురించి ఏదో ఒకటి తెలుసు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు. మనవైపు ఊలు అనే పేరుతో మన చేతికి వచ్చిందే ఎక్కువభాగం యాక్రిలిక్ అనే కృత్రిమ పోగు, కాబట్టి ఊలు గురించి మనం చెప్పుకునే మాటల్లో సగం నిజానికి యాక్రిలిక్ గురించి. మిగతా సగం గొంగడి గురించి. అసలు గొడవంతా అక్కడే ఉంది.

అపోహ: దుకాణంలో "ఊలెన్" అని అమ్మేది గొర్రె ఊలే.

చాలావరకు కాదు. చలికాలం నాందేడ్‌లో, ఆదిలాబాద్‌లో వెలిసే స్వెటర్ల దుకాణాల్లో తక్కువ ధరకు దొరికేవీ, స్టేషనరీ షాపుల్లో రంగురంగుల ఉండలుగా వేలాడేవీ ఎక్కువభాగం యాక్రిలిక్. అంటే పెట్రోలియం నుంచి తయారైన పోగు. లేబుల్ చదివితే తెలుస్తుంది, కాని లేబుల్ చదివేవాళ్లు ఎంతమంది, అసలు లేబుల్ ఉండేది ఎన్నింటికి?

అనుమానం ఉంటే కాల్చి చూడండి. వేలెడంత పోగు తెంపి, పట్టకారుతో పట్టుకుని, కింద స్టీలు పళ్లెం పెట్టుకుని, పక్కన చెంబుడు నీళ్లు పెట్టుకుని, పిల్లల్ని దూరంగా పంపించి అగ్గిపుల్ల చూపించాలి. అసలు ఊలైతే మంట దగ్గరికి రాగానే ముడుచుకుని చిటపటలాడుతుంది, వెంట్రుక కాలిన వాసన కొడుతుంది, అగ్గిపుల్ల తీసేస్తే దానంతటదే ఆరిపోతుంది. మిగిలిన నల్లటి బొగ్గు వేళ్ల మధ్య నలిపితే పొడి అవుతుంది. నూలైతే కాగితంలా గబగబా అంటుకుని మెత్తటి బూడిద అవుతుంది. యాక్రిలిక్ మాత్రం కరుగుతుంది, నల్లటి పొగ వదులుతూ మండుతుంది, చల్లారాక చివర గట్టి నల్లపూస మిగులుతుంది, దాన్ని గోటితో కూడా చితకగొట్టలేం. రెండూ కలిపిన పోగైతే వెంట్రుక వాసనా వస్తుంది, పూసా మిగులుతుంది.

ఇదంతా చెప్పింది యాక్రిలిక్ చెడ్డదని కాదు. చవక, ఉతకడం సులువు, పురుగు తినదు, బడి స్వెటర్లకు అంతకంటే తేలికైనది లేదు, నేర్చుకునేవాళ్లకు నేనే అది ఇస్తాను. ఒక్క విషయంలో మాత్రం మొహమాటం లేకుండా చెబుతాను: అది వేసుకుని చలిమంట దగ్గర కూర్చోవద్దు. డిసెంబరులో మా వీధిలో పొద్దున్నే కట్టెలు పోగేసి మంట వేస్తే పిల్లలంతా దాని చుట్టూ చేరతారు. నిప్పురవ్వ పడితే యాక్రిలిక్ కరిగి ఒంటికి అంటుకుంటుంది, నూలు బట్ట సర్రున అంటుకుంటుంది, ఊలు ఈ రెండింటికంటే కష్టంగా అంటుకుంటుంది. మంట కాగాలనుకునే పిల్లలకు యాక్రిలిక్ స్వెటరు తీసేసి పాత ఊలు శాలువా కప్పి, కొంగులూ చున్నీలూ వేలాడకుండా చూసి కూర్చోబెట్టండి. ఇంకా మంచిది, రొట్టెలు కాల్చే పొయ్యి ఉన్న వంటింట్లో తలుపు దగ్గర కూర్చోబెట్టండి, అక్కడ వేడికి వేడి, జొన్నరొట్టెకు జొన్నరొట్టె.

అపోహ: ఊలు పడదు, నాకు ఎలర్జీ.

ఇలా అనేవాళ్లలో నిజంగా ఎలర్జీ ఉన్నవాళ్లు చాలా అరుదు. గుచ్చుకోవడం వేరు, ఎలర్జీ వేరు. పోగు మందం సుమారు 30 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) దాటితే దాని కొస చర్మానికి తగిలినప్పుడు వంగకుండా పొడుస్తుంది, అంతే. మెరినో అనే జాతి గొర్రెల ఊలు 20 మైక్రాన్ల చుట్టుపక్కల ఉంటుంది, మెడకు తగిలినా తెలియదు. మన దక్కనీ గొర్రె బొచ్చు దానికంటే బాగా మందం, పైగా అందులో ఊలుతోపాటు గట్టి వెంట్రుక కలిసి ఉంటుంది. కొనే ముందు ఊలు ఉండను చేత్తో పిసికి చూస్తారు చాలామంది, దానివల్ల ఏం తెలియదు, మన అరచేయి మొద్దు. చెవి కింద మెడకు ఆనించి కాసేపు ఉంచండి, అక్కడ ఊరుకుంటే ఎక్కడైనా ఊరుకుంటుంది.

ఒకసారి మెరినో కలిసిన ఊలుతో మా అత్తమ్మకు కంఠానికి చుట్టుకునేది అల్లి ఇచ్చాను. "ఏంది పిల్లా, ఇంత మెత్తగుంది, ఇది ఊలేనా? దుకాణపోడు నిన్ను మోసం చేసిండు" అంది. ఆమె దృష్టిలో గరుకుగా లేనిది ఊలే కాదు, ఎందుకంటే ఆమె పుట్టింటి నుంచి తెచ్చుకున్నది గొంగడి. అదే సూత్రాన్ని నా కూతురు తిప్పి చెబుతుంది, గరుకుగా ఉంది కాబట్టి గొంగడి నాసిరకం అని. ఇద్దరూ సగం సగం రైటు. గొంగడి ఒంటికి ఆనించుకునే బట్ట కాదు. వానలో గొర్రెల వెంట తిరిగేవాడికి పైన కప్పుకోవడానికి, నేలమీద పరుచుకోవడానికి పనికొచ్చే బట్ట. బొచ్చు వడికేది ఆడవాళ్లు, గుంత మగ్గం మీద నేసేది మగవాళ్లు, నేసే ముందు పడుగుకు, అంటే నిలువు పోగులకు, చింతగింజల గంజి పెడతారు, ఆ గంజి వల్ల కొత్తలో ఇంకా బిరుసుగా ఉంటుంది. గొర్రెల కాపరులైన ఇటు తెలంగాణ కురుమలు నేసినా అటు మహారాష్ట్ర ధన్‌గర్లు నేసినా పని తీరు దాదాపు ఇదే. దాన్ని మెరినోతో పోల్చడం అన్యాయం, ఒంటరిగా అడవిలో పడుకోవాల్సి వస్తే నేను మెరినో అడగను, గొంగడే అడుగుతాను.

అపోహ: ఎంత లావుగా ఉంటే అంత వెచ్చన.

వెచ్చదనం ఇచ్చేది పోగు కాదు, పోగుల మధ్య చిక్కుకున్న గాలి. లావుపాటి ఊలును బిగుసుకుపోయేట్టు అల్లితే బరువే మిగులుతుంది. వదులుగా, పొంగు ఉన్న పోగుతో అల్లినది తేలికగా ఉండి కూడా ఎక్కువ వెచ్చగా ఉంటుంది. అందుకే ఒక మొద్దు స్వెటరు కంటే పల్చటివి రెండు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే నయం, మధ్యలో ఇంకో పొర గాలి దొరుకుతుంది. బండి మీద వెళ్లేవాళ్లకు మాత్రం ఇది సరిపోదు, అల్లినదాంట్లో ఎదురుగాలి జొరబడి ఆ గాలిపొరను ఊడ్చేస్తుంది, పైన జాకెట్ ఉండాల్సిందే. మా ఆయన ఇది ఒప్పుకోడు, స్వెటరు బాగా అల్లలేదంటాడు.

చెమట సంగతి కూడా ఉంది. ఊలు తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమను లోపలికి లాక్కుని కూడా తడిగా అనిపించదు, పైగా అలా పీల్చుకునేటప్పుడు కాస్త వేడి పుట్టిస్తుంది. యాక్రిలిక్ దాదాపుగా పీల్చదు. పొద్దున పదింటికి ఎండెక్కగానే బడి నుంచి వచ్చిన పిల్లాడి వీపు జిగటగా ఉండటానికి కారణం అదే, వాడు ఎక్కువ ఎగిరాడని కాదు (ఎగిరే ఉంటాడనుకోండి).

అపోహ: ఊలును వేడినీళ్లలో వేస్తే ముడుచుకుపోతుంది, చన్నీళ్లలో వేస్తే ఏం కాదు.

వేడి ఒక్కటే కాదు. ఊలు పోగు మీద ఇంటి పెంకుల్లా ఒకదానిమీద ఒకటి వాలిన పొలుసులు ఉంటాయి, తడి, సబ్బు, రుద్దుడు కలిస్తే అవి ఒకదానిలో ఒకటి చిక్కుకుని వెనక్కి రావు. చన్నీళ్లయినా వాషింగ్ మెషీన్‌లో గిరగిరా తిప్పితే స్వెటరు బొమ్మకు సరిపోయేంత అవుతుంది. గోరువెచ్చని నీళ్లలో కాసేపు కదపకుండా నానబెట్టి, పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కి, నీడలో పరిచి ఆరబెట్టండి. ఒకేసారి వేడినీళ్ల నుంచి చన్నీళ్లకు మార్చొద్దు. తీగ మీద వేలాడదీస్తే నీళ్ల బరువుకు చేతులు మోకాళ్ల దాకా సాగుతాయి. యాక్రిలిక్‌కు ఈ బాధలేవీ లేవు గాని ఇస్త్రీ పెట్టె తగిలితే చచ్చిపోతుంది, పొంగంతా పోయి గుడ్డపీలికలా వేలాడుతుంది, ఇంక తిరిగి రాదు.

అపోహ: నంబరు పెరిగితే సూది లావు.

మన దుకాణాల్లో దొరికే సూదులకు పాత బ్రిటిష్ లెక్క, నంబరు పెరిగేకొద్దీ సన్నం. 8 నంబరు 4 మిల్లీమీటర్లు, 10 నంబరు 3.25, 12 నంబరు 2.75. అమెరికా లెక్క దీనికి తలకిందులు, వాళ్ల 8 అంటే 5 మిల్లీమీటర్లు. వీడియో చూసి "8 నంబరు" అని కొనుక్కుని, పెద్దవాళ్ల కొలతకు అల్లింది పిల్లలకు వచ్చిందని నా దగ్గరికి వచ్చేవాళ్లు ప్రతి చలికాలం ఉంటారు. నంబరు వదిలేసి మిల్లీమీటర్లు అడగండి. అది కూడా చాలదు, ముందు చిన్న ముక్క అల్లి స్కేలు పెట్టి చూసుకోవాలి. 10 సెంటీమీటర్లకు 20 కుట్లు రావాల్సింది మీ చేయి బిగువుకు 22 వచ్చాయనుకోండి, 100 సెంటీమీటర్ల ఛాతీ అనుకుని వేసిన 200 కుట్లు 91 సెంటీమీటర్లకే ఆగిపోతాయి. పొట్ట దగ్గర ఆ తేడా బాగా తెలుస్తుంది.

అపోహ: చుట్టూ పత్తి చేలే కదా, వడకడానికి మీకేం ఖర్చు?

ఇది మా చుట్టాలు అడిగే ప్రశ్న, ముఖ్యంగా హైదరాబాద్ చుట్టాలు. చేలో తీసిన పత్తిలో గింజ బరువే ఎక్కువ, క్వింటాలు పత్తి నుంచి దూది వచ్చేది మూడో వంతు చిల్లర. గింజ తీయాలి, దూది ఏకాలి, దాన్ని వత్తుల్లా ఏకులు చుట్టాలి, ఆ తర్వాతే కదురు. జిన్నింగు మిల్లులో బేలుగా అదిమిన దూది తెచ్చుకుంటే గింజ తీసే పని తప్పుతుంది గాని పోగులు అణిగిపోయి ఉంటాయి, మళ్లీ బాగా ఏకితే తప్ప చేతి వడుకుకు సరిగ్గా లొంగవు. అందుకే నాకు కావాల్సింది మిల్లుకు పోకముందే పక్కన తీసిపెట్టుకుంటాను.

ఇంకో మాట, చలికాలం వడకడానికి మంచి కాలమని అందరూ అనుకుంటారు, చేలపని తగ్గుతుంది కాబట్టి తీరిక దొరుకుతుంది నిజమే. పత్తికి మాత్రం ఈ పొడిగాలి పడదు. నూలు తేమ ఉంటే బలం పుంజుకుంటుంది, ఎండితే పెళుసెక్కుతుంది, ఊలు దీనికి సరిగ్గా వ్యతిరేకం, తడిస్తే బలం తగ్గుతుంది. మధ్యాహ్నం గాలి పొడిబారాక తకిలి (చేత్తో తిప్పే చిన్న కదురు) తిప్పితే పోగు టప్ టప్ మని తెగుతుంది. పొద్దున మంచు విడవకముందు వడికితే అదే దూది మాట వింటుంది. మధ్యాహ్నమే కుదిరేవాళ్లు పక్కన తడి గోనెసంచి ఆరేసుకోండి, మిల్లుల్లో నీటి ఆవిరి చిమ్మే యంత్రాలు పెట్టేది కూడా ఇందుకే.

తెగిన చోట ఓసారి దగ్గరగా చూడండి. కొత్తగా నేర్చుకునేవాళ్లు సన్నగా ఉన్నచోట తెగిందనుకుంటారు, చాలాసార్లు తెగేది లావుగా ఉన్నచోట. పురి ఎప్పుడూ సన్నని చోటికే పరుగెడుతుంది, ఉండలా ఉన్నచోట పురి ఎక్కక పోగులు ఒకదాని పక్కనుంచి ఒకటి జారి విడిపోతాయి. కాబట్టి ఆ ఉండను రెండు వేళ్ల మధ్య పట్టి కాస్త వెనక్కి పురి విప్పి, లాగి, మళ్లీ పురి ఎక్కించాలి. తకిలి ఇంకా గట్టిగా తిప్పడం మందు కాదు.

రెండు పోగులు కలిపేటప్పుడు కూడా అంతే, వడికిన వైపే తిప్పితే మెలికలు పడ్డ తాడు అవుతుంది, ఎదురువైపు తిప్పితే పోగు స్థిమితపడుతుంది. ఒంటిపోగుకు పురి ఎక్కువై దాంతోనే అల్లితే బట్ట ఒక పక్కకు వాలుతుంది. నమ్మకపోతే ఇంట్లో చవక టీషర్టు తీసి చూడండి, పక్క కుట్టు నాలుగు ఉతుకులకు పొట్ట మీదికి వచ్చి ఉంటుంది.

అపోహ: ఇది ముసలమ్మల పని, ఆడవాళ్ల కాలక్షేపం.

ఇక్కడికి దూరం కాని వార్ధాలో 1937లో జరిగిన విద్యా సమావేశం తర్వాత రూపుదిద్దుకున్న, చేతిపనితో చదువు చెప్పే బేసిక్ విద్యలో వడకడం మగపిల్లలకూ ఆడపిల్లలకూ పాఠమే. యూరప్‌లో ఒకప్పుడు అల్లిక సంఘాల్లో ఉన్నది మగవాళ్లే. మా అబ్బాయి కూడా ఉల్టా, సీదా వేస్తాడు, కాకపోతే స్నేహితులు వస్తే సూదులు దిండు కింద పెడతాడు.

కాలక్షేపం సంగతికి వస్తే ఒక చిన్న లెక్క. 200 కుట్ల చుట్టు, 10 సెంటీమీటర్లకు 28 వరుసల చొప్పున 60 సెంటీమీటర్ల పొడవు, అంటే 168 వరుసలు. మొత్తం 33,600 కుట్లు. నిమిషానికి 30 వేసే చేయి తలెత్తకుండా అల్లినా 18 గంటలు దాటుతుంది, చేతులు, మెడపట్టీ ఇంకా మిగిలే ఉంటాయి. ఊలు నేనే తెచ్చిస్తా, అల్లి పెట్టు వదినా, అంటే ఉచితం అనే అర్థం వాళ్లకు, 18 గంటలు అనే అర్థం నాకు.

అపోహ: పెట్టెలో నాలుగు నాఫ్తలిన్ గోలీలు వేస్తే చాలు.

పురుగు పట్టేది చెమట, నూనె, అన్నం మరకలున్న ఊలుకే ముందు. ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, దులిపి, గట్టిగా మూత పడే డబ్బాలో పెట్టాలి, నడుమ నడుమ తీసి ఎండ చూపించాలి. వేపాకు వేసినా ఈ పని తప్పదు. నెలల పిల్లల బట్టల్లో మాత్రం నాఫ్తలిన్ వేయకండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పసివాళ్లకు ఆ బట్టలు తొడిగితే రక్తకణాలు విచ్ఛిన్నమై కామెర్లు ముదిరే ప్రమాదం ఉంది, ఆ లోపం ఉందో లేదో మనకు ముందుగా తెలియదు. పెద్దవాళ్లవి గోలీలతో దాచినా వేసుకునే ముందు ఉతికి గాలికి ఆరేయండి, పసివాళ్ల టోపీలు, సాక్సులు విడిగా వేరే డబ్బాలో పెట్టండి.