ఆర్‌వీ మంచినీళ్ల ట్యాంకు: నాకు తరచూ వినిపించే అపోహలు

డాలస్ చుట్టుపక్కల, లోపలే వంటిల్లు, పడక, బాత్రూమ్ ఉండే బండ్లు, అంటే ఆర్‌వీలు రిపేర్ చేస్తుంటాను. ఎండాకాలం సెలవులు దగ్గర పడుతుంటే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి: "అన్నా, కొళాయి తిప్పితే కుళ్లిన గుడ్డు కంపు. బ్లీచ్ పోసినా పోలేదు."

అపోహ: కంపు వచ్చిందంటే ట్యాంకు పాడైనట్టే.

చన్నీళ్లు, వేణ్నీళ్లు వేర్వేరు గ్లాసుల్లో పట్టి వాసన చూడండి. వేణ్నీళ్లే కంపు కొడితే దోషం హీటర్‌ది. స్టీలు హీటర్‌లో తుప్పు పట్టకుండా మెగ్నీషియం కడ్డీ పెడతారు. నిలవ నీళ్లలో పెరిగే ఒక రకం బ్యాక్టీరియాకు అది తోడైతే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది, కంపు దానిదే. ఈమధ్య ఒకాయన చలికాలంలో తిప్పిన బైపాస్ వాల్వు (నీళ్లు హీటర్‌లోకి వెళ్లకుండా పక్కకు మళ్లించేది) అలాగే ఉంచి బ్లీచ్ పోశారు, అంతా కడిగాక వాల్వు తిప్పారు. హీటర్‌లోకి మందు చుక్క కూడా వెళ్లలేదు. కంపు పోతుందా మరి?

అపోహ: బ్లీచ్ ఎంత ఎక్కువ పోస్తే అంత శుభ్రం.

15 గ్యాలన్లకు పావు కప్పు చాలు. లెక్కలో హీటర్‌లో పట్టే 6 లేదా 10 గ్యాలన్లు కూడా కలపండి. సువాసన కలపని మామూలు బ్లీచే వాడాలి, చిందకుండా చిక్కగా చేసిన స్ప్లాష్‌లెస్ రకం వద్దు. హీటర్ ఆపి, చల్లారాక పాత నీళ్లు వదిలేసి, ఫిల్టర్ తీసేయండి. కార్బన్ ఫిల్టర్ ఉంటే క్లోరిన్‌ని అదే మింగేస్తుంది. బ్లీచ్‌ను ముందు బకెట్ నీళ్లలో కలిపి ట్యాంకులో పోసి, పైన మంచినీళ్లతో నింపండి. పంపు వేసి ఒక్కో కొళాయిని బ్లీచ్ వాసన తగిలేదాకా తిప్పాలి, చన్నీళ్ల వైపూ వేణ్నీళ్ల వైపూ. బయటి షవర్‌ని దాదాపు అందరూ మర్చిపోతారు. నాలుగు గంటలు ఉంచి, వాసన పోయేదాకా నింపడం, వదలడం. విసుగు పుట్టే పనే. రోజుల తరబడి వదిలేస్తే మాత్రం రబ్బరు సీళ్లు దెబ్బతింటాయి.

అపోహ: వెనిగర్ ఉండగా కెమికల్స్ ఎందుకు?

వెనిగర్ సున్నపు పొరను వదిలిస్తుంది. క్రిముల విషయంలో దాన్ని నమ్ముకోలేం. పైగా బ్లీచ్‌తో కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. రెండూ వాడాలనుకుంటే మధ్యలో మొత్తం కడిగేయాల్సిందే.

అపోహ: క్యాంప్‌గ్రౌండ్‌లో సిటీ వాటర్ (అక్కడి కొళాయి నీళ్లు) గొట్టంతో తగిలిస్తాం, ట్యాంకుతో మాకు పనిలేదు.

సిటీ వాటర్ ట్యాంకులోకి వెళ్లదు, నేరుగా పైపుల్లోకి పోతుంది. ట్యాంకులో నీళ్లు నెలల తరబడి అలాగే ఉంటాయి. ఎక్కడో కనెక్షన్ లేని చోట రాత్రి ఆగి పంపు వేస్తారు, పిల్లలు పళ్లు తోముకునేది ఆ నీళ్లతోనే.

అపోహ: గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పోశాం, అదే శుభ్రం చేస్తుంది.

అది పైపులు గడ్డకట్టకుండా కాపాడుతుంది, అంతే. వసంతంలో దాన్ని కడిగేశాకే బ్లీచ్ పని మొదలుపెట్టండి.