కౌంట్ తక్కువైతే పొడులు కాదు, ముందు పరీక్ష

అపోహ: మంచి తిండి తిని, బలానికి నాలుగు పొడులు వాడితే కౌంట్ (వీర్యంలో శుక్రకణాల సంఖ్య) దానంతటదే పెరుగుతుంది.

సంతానం కోసం వచ్చే మగవాళ్ల నోట రోజూ వినే మాట ఇది. దీనివల్ల పోయినంత డబ్బు, కాలం ఇంకే అపోహ వల్లా పోవడం నేను చూడలేదు.

వాస్తవం: తిండికి విలువ లేదనను. ఒళ్లు బాగా పెరిగితే కొవ్వు టెస్టోస్టెరాన్‌ని ఈస్ట్రోజన్‌గా మార్చేస్తుంది, ఆ దెబ్బ కౌంట్ మీద పడుతుంది. సిగరెట్, గుట్కా, మందు సంగతి సరేసరి. కానీ వెరికోసిల్ (వృషణాల దగ్గర నరాలు ఉబ్బడం) ఉన్నవాడికీ, శుక్రకణాలు వచ్చే నాళం మూసుకుపోయినవాడికీ బాదంపప్పు ఏం చేస్తుంది? సంతానలేమితో వచ్చే మగవాళ్లలో నూటికి పది పదిహేను మందికి వీర్యంలో శుక్రకణాలే కనపడవు. వాళ్లకి ముందు కారణం తెలియాలి. అమెరికాలో 2,370 మందిని తీసుకుని, సగం మందికి జింక్, ఫోలిక్ యాసిడ్, మిగతావాళ్లకి ఉత్తుత్తి బిళ్లలు ఆరు నెలలు ఇచ్చి చూశారు. 2020లో వచ్చిన ఫలితం: పిల్లలు పుట్టడంలో తేడా లేదు.

బేకరీ పొయ్యి దగ్గర పనిచేసే ఒకతను భార్యనీ తల్లినీ వెంటబెట్టుకుని వచ్చాడు. సంచి బల్లమీద బోర్లిస్తే పొడుల డబ్బాలు, లేహ్యాలు, ఒకదాని మీద గుర్రం బొమ్మ. వీర్య పరీక్ష కాగితం ఒక్కటీ లేదు. భార్యకి మాత్రం ట్యూబుల టెస్టు, ల్యాపరోస్కోపీ అన్నీ అయిపోయాయి. "మావాడికేం లోపం లేదండీ, తిండి బాగానే పెడుతున్నా" అంది తల్లి. అతన్ని నిలబెట్టి చూస్తే ఎడమవైపు ఉబ్బిన నరాలు చేతికే తగిలాయి. కొన్ని వందల రూపాయల టెస్టు చేయించక రెండేళ్లు పోయాయి, ఈలోగా ఆ అమ్మాయికి 35 దాటాయి. నాకు కోపం ఆ కుర్రాడి మీద కాదు, 'నెలలో కౌంట్ రెట్టింపు' అని వీడియోలు పెట్టి అమ్మేవాళ్ల మీద. ఒక శుక్రకణం తయారవడానికే సుమారు 74 రోజులు పడుతుంది, నెలలో ఏం పెరుగుతుంది? సిగరెట్ మానినా, బరువు తగ్గినా ఫలితం చూడాల్సింది మూడు నెలల తర్వాతే. డెంగీ లాంటి జ్వరం వచ్చి తగ్గిన కొత్తలో కౌంట్ పడిపోయినా కంగారు పడకండి, అంతే వ్యవధి ఇచ్చి మళ్లీ చేయించండి.

అపోహ: జిమ్‌లో ఇచ్చే టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్‌తో మగతనంతో పాటు కౌంటూ పెరుగుతుంది.

సరిగ్గా తలకిందులు. హార్మోన్ బయటినుంచి అందితే మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి వృషణాలకి సంకేతాలు పంపడం ఆపేస్తుంది, కౌంట్ సున్నాకి కూడా పడిపోవచ్చు. మానేస్తే చాలామందికి తిరిగి వస్తుంది, కానీ నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏడాది దాటుతుంది.

వేడి విషయం నిజమే. వృషణాలు ఒంటికంటే రెండు నుంచి నాలుగు డిగ్రీలు చల్లగా ఉండాలి. కొలిమి, బేకరీ పొయ్యి, గంటలకొద్దీ లారీ డ్రైవింగ్ వాటికి పడవు. పురుగుమందుల భయమూ ఉత్తిది కాదు: 1977లో కాలిఫోర్నియాలో డీబీసీపీ అనే మందు తయారుచేసే కార్మికులకు కౌంట్ పడిపోయిందని బయటపడింది. పత్తికీ మిరపకీ ఒట్టి చేతులతో మందు కలిపే రైతన్నలు గ్లౌజులు, మాస్కు వేసుకోండి, పని కాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోండి.

ఇక చింతపండు తింటే వీర్యం పలచబడుతుందా, మీల్ మేకర్ తింటే మగతనం పోతుందా? లేదు, లేదు. పలచగా ఉందా చిక్కగా ఉందా అన్నదాన్ని బట్టి కౌంట్ తెలియదు కూడా.

రిపోర్టులో మార్ఫాలజీ (సరైన ఆకారంలో ఉన్న శుక్రకణాల శాతం) 5 శాతం అని చూసి, 95 శాతం పాడైపోయాయని రాత్రంతా నిద్రపోని కుర్రాళ్లున్నారు. డబ్ల్యూహెచ్ఓ 2021 లెక్కల్లో కింది హద్దే 4 శాతం. మీది దాటింది, నిద్రపోండి. వీర్య పరీక్షకి ముందు రెండు నుంచి ఏడు రోజులు వీర్యం పోకుండా ఎడం పాటించండి. శాంపిల్‌లో మొదటి చుక్కలు కిందపడితే మొహమాటపడకుండా ల్యాబ్‌లో చెప్పండి, శుక్రకణాలు ఎక్కువగా ఉండేది వాటిలోనే.