మందు ఒకటే, గది వేరు

1943 ఏప్రిల్ 19న స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో, శాండోజ్ కంపెనీ కెమిస్ట్ ఆల్బర్ట్ హాఫ్‌మన్ తను తయారుచేసిన ఎల్ఎస్‌డీ అనే, లేనివి కనిపించేలా చేసే మందును కావాలనే 250 మైక్రోగ్రాములు మింగి, కాసేపటికి నిలబడలేక అసిస్టెంట్‌ని తోడు తీసుకుని సైకిల్ మీద ఇంటికి బయల్దేరాడు. ఈ సైకిల్ కథ చాలామందికి తెలుసు. ఇంటికెళ్లాక ఏమైందో మాత్రం అంతగా చెప్పుకోరు. పాలు తెచ్చిన పక్కింటావిడ మంత్రగత్తెలా కనిపించింది, పిచ్చెక్కిందనుకున్నాడు, చచ్చిపోతున్నాననుకున్నాడు. డాక్టర్ వచ్చి చూస్తే కంటిపాపలు పెద్దవవడం తప్ప ఏ తేడా లేదు. ఆ తర్వాత భయం మెల్లగా దిగింది, కళ్లు మూసుకుంటే రంగులు కదులుతూ బాగానే అనిపించాయి. మత్తు తగ్గుతుండటమూ ఒక కారణమే అనుకోండి, కానీ "నీకేం కాలేదు" అన్న మాట చిన్నదేం కాదు.

మందు ఒకటే అయినా మనసును, పరిసరాన్ని బట్టి అనుభవం మారడానికే తర్వాత "సెట్ అండ్ సెట్టింగ్" అని పేరు పడింది. సెట్ అంటే మనిషి మనసు, భయాలు, ఆశలు. సెట్టింగ్ అంటే గది, పక్కనున్నవాళ్లు, పాట. 1960ల్లో హార్వర్డ్‌లో పనిచేసిన సైకాలజిస్ట్ టిమొతీ లియరీ వల్లే ఈ మాట ఊరంతా తెలిసింది గానీ, ఆలోచన ఆయనది కాదు. కెనడాలో ఎల్ఎస్‌డీ చికిత్సలు చేసిన ఆల్ హబ్బర్డ్ అంతకుముందే ఆస్పత్రి వాతావరణం వద్దని గదిలో సంగీతం, దేవుడి బొమ్మలు పెట్టేవాడు. 1959లో ఆంత్రోపాలజిస్ట్ ఆంథనీ వాలెస్ అయితే సూటిగా పోల్చాడు: పెయోటీ అనే మత్తు కాక్టస్ తినే పూజలో కూర్చున్న అమెరికా ఆదివాసులకు భక్తి కలిగితే, ప్రయోగాల్లో అందులోని మెస్కలిన్నే తీసుకున్న తెల్లవాళ్లకు మూడ్ అటూ ఇటూ ఊగిపోయింది, అనుమానాలు పెరిగాయి.

అదే 1950ల్లో అమెరికా గూఢచారి సంస్థ సీఐఏ చెప్పాపెట్టకుండా జనానికి ఎల్ఎస్‌డీ ఇచ్చింది. 1953 నవంబర్‌లో శాస్త్రవేత్త ఫ్రాంక్ ఓల్సన్‌కి అలాగే తాగించారు, కొన్ని రోజులకే అతను న్యూయార్క్ హోటల్ కిటికీలోంచి పడి చనిపోయాడు. ఆ చావు మీద గొడవ ఇంకా తెగలేదు.

మంచి పరిసరం ఉంటే అంతా మంచే జరుగుతుందా అంటే, అదీ కాదు. 1962 గుడ్‌ఫ్రైడే రోజు బోస్టన్‌లోని మార్ష్ చాపెల్‌లో వాల్టర్ పాంకె 20 మంది థియాలజీ విద్యార్థుల్లో సగం మందికి సైలోసైబిన్ (మత్తు పుట్టగొడుగుల్లోని పదార్థం) ఇచ్చాడు. దైవానుభూతి కలిగిందని గొప్పగా ప్రచారమైంది. ఒకతన్ని శాంతపరచడానికి థొరజిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సొచ్చిన సంగతి మాత్రం దాదాపు మూడు దశాబ్దాల తర్వాత, పరిశోధకుడు రిక్ డోబ్లిన్ ఆ పాత విద్యార్థుల్ని వెతికి మాట్లాడాకే బయటికొచ్చింది.

ఇప్పుడు ఈ మందులపై పరిశోధన చేసే అమెరికా యూనివర్సిటీ జాన్స్ హాప్కిన్స్ లాంటి చోట్ల సోఫా, కళ్లకు గంతలు, హెడ్‌ఫోన్లు, పక్కన ఇద్దరు గైడ్లు. చిక్కల్లా అనుమతుల దగ్గరే. 2024 ఆగస్టులో అమెరికాలో మందులకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ, ఎండీఎంఏ అనే మత్తుమందుతో చేసే చికిత్సను తిరస్కరించి, మళ్లీ ట్రయల్ చేయమంది. తమకిచ్చింది మందో ఉత్తి మాత్రో చాలామందికి ఇట్టే తెలిసిపోవడం ఆ ట్రయల్స్‌పై వచ్చిన పెద్ద అభ్యంతరాల్లో ఒకటి. పైగా మాత్రను ఒప్పుకోవడం, కాదనడం ఎఫ్‌డీఏ చేతిలో ఉంది గానీ, పక్కన కూర్చున్న గైడ్ చేసే సైకోథెరపీ దాని పరిధిలోకే రాదు.