కుస్కత్లాన్ గేటు: ఎల్ సాల్వడార్ లీగ్ గొడవ మొదలైంది ఆ రాత్రి కాదు

ఎల్ సాల్వడార్ ఫుట్‌బాల్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది 1969లో హోండురస్‌తో జరిగిన యుద్ధం. ఆ కథ చాలాసార్లు చెప్పుకున్నదే, వదిలేద్దాం. అక్కడి టాప్ లీగ్ ప్రిమేరా డివిజన్ గురించి ఇప్పుడు పదేపదే రేగుతున్న ప్రశ్న వేరు. 2023 మే 20 రాత్రి స్టేడియం తొక్కిసలాటలో 12 మంది అభిమానులు ఎవరి తప్పు వల్ల చనిపోయారు?

ఏడాదికి రెండు టోర్నీలు జరిగే లీగ్ ఇది. ఆ రోజు శనివారం, ఆ రెంటిలో ఒకటైన క్లౌసురా టోర్నీ క్వార్టర్‌ఫైనల్ రెండో మ్యాచ్. రాజధాని శాన్ సాల్వడార్‌లోని కుస్కత్లాన్ స్టేడియంలో అక్కడి క్లబ్ అలియాన్సా, శాంటా అనా నగరం నుంచి వచ్చిన ఫాస్ తలపడ్డాయి. పాత పగ ఉన్న జట్లు, మధ్య అమెరికాలోకెల్లా పెద్ద స్టేడియం. జనం విరగబడి వస్తారని ఊహించడానికి జ్యోతిష్యం అక్కర్లేదు. ఆట మొదలై పావుగంట దాటిందో లేదో ఆపేశారు. అభిమానులే గ్రౌండ్ మీదికి మనుషుల్ని మోసుకొచ్చి గడ్డిలో పడుకోబెట్టారు. స్పృహ లేనివాళ్లకు ఒంటి మీది చొక్కాలు విప్పి వాటితో గాలి విసిరారు.

గేటు బయట ఏం జరిగిందన్న దగ్గరే రెండు కథలు. గుంపు గేటు తోసుకుని లోపలికి చొరబడటం వల్లే తొక్కిసలాట జరిగిందని లీగ్ పెద్దలు మొదట చెప్పారు. వాళ్ల వాదన అంతే, ఒక్క వాక్యం. బయట నిలబడ్డవాళ్లు చెప్పింది మాత్రం ఇంకోలా ఉంది. టికెట్ డబ్బులు పెట్టి కొన్నాం, చేతిలో టికెట్ ఉంది, గేట్లు మాత్రం మూసేశారు. లోపల ఆట మొదలైన అరుపులు వినిపిస్తున్నాయి. వెనక నుంచి జనం పెరుగుతున్నారు, ముందుకు దారి లేదు, వెనక్కి వెళ్లే వీలు లేదు. టికెట్ ఉన్నవాడిని గేటు బయటే ఆపేసి, ఆ తర్వాత తోపులాట నేరం కూడా వాడి మీదే వేస్తే ఎలా?

అందరినీ విచారిస్తామని దేశాధ్యక్షుడు నయీబ్ బుకెలె ప్రకటించారు. జట్లు, మేనేజర్లు, స్టేడియం, టికెట్ కౌంటర్, లీగ్, ఫెడరేషన్, వగైరా అని లిస్టు చదివారు. ఆ వగైరాలోకి ఎవరెవరు వస్తారన్నది చెప్పలేదు. కొద్ది రోజుల్లో అలియాన్సా అధ్యక్షుడు, స్టేడియం నడిపే కంపెనీ మనుషులతో కలిపి ఐదుగురు అరెస్టయ్యారు.

అయితే ఆ లిస్టులో ఉన్న ఫెడరేషన్, అంటే దేశ ఫుట్‌బాల్‌ను నడిపే సంస్థ, అప్పటికి ఎవరి చేతిలో ఉంది? అసలు మలుపు ఇక్కడే ఉందని నా అభిప్రాయం. దానికి పది నెలలు వెనక్కి వెళ్లాలి. 2022 జూలైలో ప్రభుత్వ క్రీడా సంస్థ ఇండెస్, ఫెడరేషన్ పాలకవర్గాన్ని పక్కకు తప్పించి తన సొంత కమిటీని పెట్టబోయింది. ఇండెస్‌ను నడిపేది యామిల్ బుకెలె, దేశాధ్యక్షుడికి సవతి సోదరుడు. బయటి జోక్యం ఫిఫాకు గిట్టదు, నిషేధం వేస్తామని బెదిరించింది. బేరసారాల తర్వాత ఆగస్టులో ఫిఫా నియమించిన తాత్కాలిక కమిటీ వచ్చి కూర్చుంది.

పాత పాలకవర్గం గొప్పదని కాదు. ఫెడరేషన్ మీద జనానికి నమ్మకం అంతకుముందే సడలింది. 2013లో మ్యాచ్ ఫిక్సింగ్ కేసులో 14 మంది జాతీయ ఆటగాళ్ల మీద జీవితకాల నిషేధం పడిన దేశమది. కానీ ఇల్లు ఊడ్చే పేరుతో తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలియకుండా చేశారు. మే 20 నాటికి ఫెడరేషన్‌లో తాత్కాలిక కమిటీ, లీగ్‌లో క్లబ్ యజమానులు, స్టేడియానికి ఓ ప్రైవేటు కంపెనీ. రేపు ఎన్ని టికెట్లు అమ్ముతున్నారు, ఎన్ని గేట్లు తెరుస్తున్నారని ముందురోజు వీళ్లను అడగాల్సింది ఎవరు? ఆ పని నాది అనే మనిషి లేకుండా పోయాడు.

తొక్కిసలాట తర్వాత మాత్రం నిర్ణయాలు చకచకా వచ్చాయి. టోర్నీ అక్కడితో రద్దు, ఆ క్లౌసురాకు విజేత లేడు. అలియాన్సాకు 30,000 డాలర్ల జరిమానా, ఏడాదిపాటు సొంత మైదానంలో ప్రేక్షకులు లేకుండా ఆడాలన్న శిక్ష. జరిమానా క్లబ్బు కడుతుంది. రెండోది ఎవరి మీద పడిందో వేరే చెప్పాలా?

2024 జనవరి 19న లియోనెల్ మెస్సీ ఉన్న ఇంటర్ మయామి, ఎల్ సాల్వడార్ జాతీయ జట్టుతో ఫ్రెండ్లీ ఆడింది. వేదిక అదే కుస్కత్లాన్. మెస్సీ మొదటి సగం ఆడి వెళ్లిపోయాడు, మ్యాచ్ 0-0తో ముగిసింది. అలియాన్సాకు ఆ శిక్ష వేసి అప్పటికి ఏడాది కూడా నిండలేదు.