పికప్ వెనక డ్రమ్ములు తీసి డిస్కులు వేయించాలా? అపోహలు - వాస్తవాలు

శ్రీకాకుళం, విజయనగరం షెడ్లలో పికప్ ఓనర్లు తరచూ అడిగే మాట ఇది: "వెనక కూడా డిస్కు పెట్టించేస్తే బ్రేకు గట్టిగా పడుతుంది కదా?" డ్రమ్ము బ్రేకులో షూలు గిన్నెలాంటి డ్రమ్ముని లోపలినుంచి ఒత్తుతాయి. డిస్కు బ్రేకులో క్యాలిపర్ తన ప్యాడ్లతో తిరిగే పళ్లేన్ని రెండు వైపులా నొక్కిపడుతుంది. చాలా బళ్లకి ఆ డబ్బులో కొంత పెట్టి ఉన్న డ్రమ్ముల్నే బాగుచేయించుకోవడం మేలు.

అపోహ: డ్రమ్ముకి డిస్కు అంత పట్టు ఉండదు.

పట్టు విషయంలో డ్రమ్ము తీసిపోదు. తిరిగే డ్రమ్మే ముందు షూని తనవైపు లాక్కుని బిగించుకుంటుంది కాబట్టి తక్కువ ఆయిల్ ప్రెజర్‌కే బాగా పడుతుంది. డిస్కుకి ఆ సాయం లేదు. డిస్కు గెలిచేది వేడి దగ్గర, నీళ్ల దగ్గర. పైగా బ్రేకు కొట్టగానే బరువు ముందుకి వస్తుంది. ఖాళీ పికప్‌లో వెనక చక్రాలు చేసే పని తక్కువే.

అపోహ: పెడల్ లోతుకి పోతోందంటే డ్రమ్ముల పని అయిపోయినట్టే.

ముందు పెడల్‌నే అడగండి. రెండు మూడుసార్లు కొట్టాక పైకి వస్తోందంటే షూ గ్యాప్ పెరిగింది. స్పాంజిలా మెత్తగా ఉంటే లైనులో గాలి ఉంది. తొక్కిపట్టినా మెల్లగా దిగిపోతోందంటే ఎక్కడో లీకు, లేదా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ని లైన్లలోకి నెట్టేది) లోపలి రబ్బరు కప్పు పోయింది.

డ్రమ్ము విప్పాక షూ గ్యాప్ సరిచేసే అడ్జస్టర్ చూడండి. దుమ్ము, తుప్పు పట్టి మర బిగుసుకుపోతే గ్యాప్ తనంతట తాను తగ్గదు. ఎడమ, కుడి అడ్జస్టర్ల మరలు చాలా బళ్లలో ఎదురెదురుగా ఉంటాయి. అటుదిటు వేశారంటే గ్యాప్ తగ్గాల్సింది పోయి పెరుగుతుంది. షూలని తోసే వీల్ సిలిండర్ రబ్బరు ఎత్తి చూడండి, లోపల తడి ఉంటే లీకే. షూ లైనరు మీద క్రౌన్ ఆయిల్ (వెనక యాక్సిల్ గేర్ల ఆయిల్) వాసన వస్తే యాక్సిల్ సీలు పోయింది. ఆయిల్ పీల్చిన లైనర్లని పెట్రోలుతో కడిగి మళ్లీ వేయొద్దు, రెండు వైపులా మార్చాలి. డ్రమ్ము మీద పోతపోసిన గరిష్ఠ వ్యాసం అంకె దాటితే దాన్ని లేతుకి పంపడం దండగ. డ్రమ్ములోని దుమ్ముని గాలితో ఊదొద్దు, తడిగుడ్డతో తుడవండి.

అపోహ: కమాన్ పట్టీలకీ (బరువు మోసే స్ప్రింగు పట్టీలు) బ్రేకుకీ సంబంధం లేదు.

అసలు తిరకాసు ఎక్కువగా ఇక్కడే. చాలా పికప్‌లలో ఛాసిస్ మీద లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటుంది, దాని రాడ్డు యాక్సిల్‌కి తగిలించి ఉంటుంది. లోడు పడి ఛాసిస్ కిందికి దిగితే వెనక్కి ప్రెజర్ ఎక్కువ వదులుతుంది. టెక్కలి రాయి మోయడానికని అదనపు పట్టీ ఎక్కిస్తే బండి దిగదు. నిండా లోడున్నా వాల్వ్ లెక్కలో అది ఖాళీ బండే. వెనక బ్రేకు సరిగా అందదు, ముందు ప్యాడ్లు మాడతాయి, నింద డ్రమ్ముల మీద పడుతుంది. అప్పుడు డిస్కులు వేసినా ప్రెజర్ ఆ వాల్వ్ దాటే వెళ్లాలి. పట్టీ మార్చినప్పుడల్లా మాన్యువల్లో ఉన్న కొలతకి రాడ్డు సెట్ చేయించాలి. లివర్‌ని తీగతో పైకి కట్టేసేవాళ్లూ ఉన్నారు, వాన రోడ్డు మీద ఖాళీ బండి తోక తిప్పేది అందుకే.

అపోహ: క్యాలిపర్, డిస్కు కొని బ్రాకెట్ వెల్డింగ్ చేయిస్తే చాలు.

వీల్ సిలిండర్ కంటే క్యాలిపర్ పిస్టన్ చాలా పెద్దది, ఆయిల్ ఎక్కువ కావాలి. మాస్టర్ సిలిండర్ సరిపోకపోతే పెడల్ కిందికి పోతుంది. డ్రమ్ము లైనులో కొద్దిపాటి ప్రెజర్ నిలిపి ఉంచే వాల్వ్ కొన్ని బళ్లలో ఉంటుంది. దాన్ని మార్చకపోతే ప్యాడ్లు డిస్కుని వదలవు. బ్రాకెట్ కాస్త వంకరైనా ప్యాడు ఏటవాలుగా అరుగుతుంది. యాక్సిల్ లాగాల్సి వస్తే సీలు కొత్తదే వేయాలి. రిమ్ములోపల క్యాలిపర్‌కి చోటుందా, ఏబీఎస్ (చక్రాలు పట్టేయకుండా చూసే ఏర్పాటు) రింగు ఎక్కడ కూర్చుంటుంది అన్నవి కొనక ముందే చూసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద చిక్కు హ్యాండ్ బ్రేకు. డ్రమ్ములో అది కేబులుతో చవగ్గా దొరికింది. డిస్కు వేస్తే హ్యాండ్ బ్రేకు మెకానిజం ఉన్న క్యాలిపరో, డిస్కు మధ్యలో చిన్న డ్రమ్మో కావాలి. భావనపాడు, కళింగపట్నం వైపు చేపల బళ్లకి ఇంకో బెడద ఉంది: పెట్టెల్లోంచి కారే ఉప్పునీరు క్యాలిపర్ జారే స్లైడ్ పిన్నుల్ని పట్టేసి, ఒక ప్యాడే అరిగిపోతుంది.

అపోహ: డిస్కు ఉంటే సాలూరు ఘాట్‌లో భయం లేదు.

విజయనగరం నుంచి సాలూరు మీదుగా కోరాపుట్ పోయే 26వ నంబరు జాతీయ రహదారి డ్రైవర్లకి తెలిసిన సూత్రమే డిస్కుకీ వర్తిస్తుంది: ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు. పాత బ్రేకు ఆయిల్ ఉంటే డిస్కూ ఆదుకోదు. డాట్ 3 రకం ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీలు, తేమ పీల్చాక 140 డిగ్రీలు తట్టుకుంటుంది. డాట్ 4 కి అవే 230, 155. మరిగిందంటే లైనులో ఆవిరే, పెడల్ నేలకి తగులుతుంది.

అపోహ: కాగితాలతో పనేముంది?

మోటారు వాహనాల చట్టం, 1988 సెక్షన్ 52 బండిలో మార్పుల్ని కట్టడి చేస్తుంది. ముందు ఆర్టీఓ ఆఫీసులో, ఇన్సూరెన్సు వాళ్ల దగ్గర రాతపూర్వకంగా అడగండి.

రోజూ లోడుతో ఘాట్ దిగేవాళ్లు, తరచూ బురదనీళ్లలో తిరిగేవాళ్లు డిస్కు గురించి ఆలోచించవచ్చు. అదీ మీ యాక్సిల్‌కే చేసిన పూర్తి కిట్టు హ్యాండ్ బ్రేకుతో సహా దొరికితేనే. బిగించాక మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి గాలి తీయించండి. తర్వాత ఏబీఎస్ లేని బండిని తడి ఖాళీ స్థలంలో, లోడు లేకుండా, 30 కిలోమీటర్ల వేగంలో గట్టిగా ఆపి చూడండి. ముందు చక్రాలే మొదట జారాలి. వెనకవి ముందుగా పట్టేస్తే వాల్వ్ సరిచేసేదాకా ఆ బండిని రోడ్డెక్కించొద్దు.